ఒగ్గేసి అన్న మాట

విడాకుల తీర్పులో జిల్లా కోర్టు నా కూతురిని తల్లికి అప్పగించి, నాకు నెలకొక ఆదివారం ఇచ్చింది. అప్పగింత ఆమదాలవలస స్టేషన్‌లో. సర్వే ఓవర్సీరును కనుక ఆ హద్దును హద్దుగానే పాటించాను. సహించలేనిది వేరొకటి. తల్లి మళ్లీ పెళ్లాడిన భావనపాడు చేపల వ్యాపారిని నా కూతురు “బాబూ” అనేది. మా వైపు కన్నతండ్రిని పిలిచే మాట అది. నేను మాత్రం “నాన్నగారు”. దాని జడ రిబ్బనుకు వల అల్లేవాళ్లు వేసే ముడి ఉండేది. జడ వేసిందెవరో అడగనక్కర్లేదు. ఆ ముడి విప్పి నేను వేసింది, తిరుగు రైలు రాకముందే జారిపోయేది.

అరవైల చివర ఒకనాడు పిల్ల ఒంటరిగా సముద్రపు ఒడ్డున తిరుగుతుంటే ఎవరో పోలీసులకు చెప్పారు. బాలల కేసు నమోదై, పిల్ల శ్రీకాకుళంలోని సంరక్షణ గృహానికి వెళ్లింది.

“ఈ కేసు తేలేదాకా మీ పాత ఉత్తర్వు రద్దు కాదు, అలాగని నడవదు. తల్లి వదిలేసిందని రుజువైతే, దాన్ని మార్పించి పిల్లను మీకిప్పించడం నా పూచీ” అన్నాడు మా వకీలు.

విచారణలో తల్లి వాళ్ల పక్కింటి ముసలమ్మ సాక్షి. “గుంటని ఒగ్గేసి ఎల్లిపోనాదండి” అంది.

మేజిస్ట్రేటు దక్షిణ జిల్లాల మనిషి, మా యాస కొత్త. “కన్నబిడ్డను వదిలేసి పోయిందా?”

“అదే కదేటి సెప్తన్నాను! పాతపట్నంలో అప్పకి జొరం. గుంటని సంకనేసుకుని ఎల్తాదేటి?”

జనం నవ్వారు. మేజిస్ట్రేటు కలం కదిలింది. వకీలు సంతోషంతో నా మోకాలు నొక్కాడు. నేను లేచాను.

“అయ్యా, ఇక్కడ ఒగ్గేయడమంటే ఒకరి దగ్గర ఉంచి వెళ్లడం కూడా. ఎవరి దగ్గరో అడగండి.”

తప్పని తెలిసిన కొలతను నమోదు కానివ్వడం నా చేత కాలేదు. ఔదార్యం కాదు, తలుపు దగ్గర నిలబడ్డ ఆ చేపల వ్యాపారిని చూస్తూ లోపల కుళ్లుతూనే మాట్లాడాను.

“ఎవులికాడేటి? ఈడికాడే!” ముసలమ్మ అతన్ని చూపింది. “పడవొచ్చిందని ఈడు ఒడ్డుకి పరిగెట్టినాడు. ఈడెనకాల గుంట. ఈడు లేకపోతే దానికి ఊపిరాడదు కదండి.”

కేసు కొట్టేశారు. పాత ఉత్తర్వు మళ్లీ అమలులోకి వచ్చింది.

“మీ కేసు మీరే ఓడించుకున్నారు, ఓవర్సీరుగారూ” అన్నాడు వకీలు.

తరువాతి ఆదివారం స్టేషన్‌కు పిల్లను అతనే తెచ్చాడు. నేను చెయ్యి చాపాను. అది అతని వేలు గట్టిగా పట్టుకుంది.

“బాబూ, ఒగ్గీకు.”

“సాయంత్రం బండికి నానొస్తాను కదే. ఎల్లు తల్లీ, మీ నాన్నగారే కదా” అంటూ అతను దాని వేళ్లు ఒక్కొక్కటే విడదీశాడు.

ఆ రోజు నేను రిబ్బను ముడి విప్పలేదు.