ఇటు మామ, తల తిప్పని మనవరాలు

మా వీధిలో ఎవరి తలా పూర్తిగా వాళ్ల చేతిలో ఉండదు. నెలకోసారైనా అది ఇటు మామ చేతిలోకి వెళ్లాల్సిందే. గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి "ఇటు" అంటాడు, తల ఇటు తిరుగుతుంది. బ్యాంకు మేనేజరు తలైనా, ఆ బ్యాంకు గుమ్మంలో కాపలా కాసేవాడి తలైనా అవే వేళ్లు, అదే మాట. ఆయన అసలు పేరు అత్తకైనా గుర్తుందో లేదో నాకు అనుమానమే. మేమంతా ఇటు మామ అనే పిలుస్తాం.

ఆయన సెలూన్‌లో ఒకటే కుర్చీ, ఒకటే అద్దం, ఆగేవాళ్లకు ఒక బల్ల. కత్తెర ఆగినా కబుర్లు ఆగవు. మన వెనకాల నిలబడి, అద్దంలో మన కళ్లలోకి చూస్తూ, ఎవరింట్లో ఏం జరిగిందో పూస గుచ్చినట్టు చెప్పేస్తాడు. తల తిప్పే ఈ అలవాటు ఇంటిదాకా పాకింది. కూతురి పెళ్లిలో ఫొటో తీస్తుంటే అల్లుడి గడ్డం పట్టుకుని "ఇటు" అన్నాడట. ఆ అల్లుడు బిత్తర చూపులు చూస్తూ ఇప్పటికీ వాళ్ల గోడ మీద వేలాడుతున్నాడు.

అలాంటి మామకు తల తిప్పని మనవరాలు పుట్టింది.

కూతురి కూతురు. మూడేళ్లు దాటాయి. ముద్దుగా బుడంకాయ అంటాం. పేరు పెట్టి పిలిస్తే పలకదు, మొహంలోకి చూడదు, అమ్మా అనదు, అత్తా అనదు. పక్కగదిలో బిస్కెట్ ప్యాకెట్ చప్పుడైతే మాత్రం పరుగున వస్తుంది. "దాని చెవులు బంగారం. తొందర లేదంతే, మహారాణి కదా" అని మామ మా అందరి దగ్గరా కోతలు కోసేవాడు. డాక్టరుగారు పరీక్షలు చేసి ఆటిజం అని చెప్పిన మర్నాడు నా జుట్టు కత్తిరించాడు. మొదటి నుంచి చివరిదాకా ఒక్క కబురు లేదు. ఆ కుర్చీలో నాకు భయం వేసింది అప్పుడే.

కూతురు డ్యూటీకి వెళ్తూ మధ్యాహ్నాలు పిల్లను సెలూన్‌లో దింపేది. బుడంకాయకు అక్కడ అన్నిటికన్నా ఇష్టం జుట్టు తడిపే నీళ్ల సీసా. మామ దాన్ని నొక్కగానే కిటికీ ఎండలో తుంపరలు మెరుస్తాయి. ఆయన కాలికి ఆనుకుని నిలబడి, చేతులు ఆడిస్తూ, అవి నేలమీద వాలేదాకా చూసేది. మామకు అదే పెద్ద వైభోగం.

ఉన్న వైభోగం చాలదని మామ చేతులారా చెడగొట్టుకున్నాడు. పిల్లకు మాట రాకపోవడానికి కారణం తన మొహం చూడకపోవడమేనని తీర్మానించి, చూపించే పని తానే పెట్టుకున్నాడు. రెండు వేళ్లు గడ్డం కింద పెట్టి, "ఇటు చూడు తల్లీ. తాత అను. ఇటు" అన్నాడు. పిల్ల విదిలించుకుంది. మళ్లీ పట్టుకున్నాడు. అది కెవ్వున అరిచి బల్ల కింద దూరింది. ఆ తర్వాత మామ ఎటు వస్తే దానికి ఎదురు మూలకు పోయేది. సీసా చూపించినా బయటికి రాలేదు.

"మాట రాకపోతే పోనీ రా," అన్నాడు నాతో, అద్దంలో కూడా చూడకుండా. "నా కాలి దగ్గరికి రావడం మానేసింది."

పిల్లకు మాటలు నేర్పే టీచరమ్మ ఒక రోజు సెలూన్‌కే వచ్చింది. బల్ల మీద కూర్చుని అంతా గమనించింది.

"మామయ్యగారూ, పాప తల మీరు తిప్పకండి. మీరే తిరగండి."

"నేనా?" అన్నాడు మామ, అంత వింత మాట ఎన్నడూ విననట్టు.

"తను దేన్ని చూస్తుంటే మీరూ దాన్నే చూడండి. కింద కూర్చోండి. ఒక్క మాట చెప్పండి, ఆగండి. మొహం చూడమని పట్టుబడితే తనకు తప్పించుకోవడంతోనే సరిపోతుంది. ఇక మాట మీద ధ్యాస ఎక్కడుంటుంది? ఇద్దరూ కలిసి ఒకే వస్తువును చూస్తున్నప్పుడు మాట పట్టుకోవడం తేలిక."

"మరి మాట ఎప్పుడొస్తుందమ్మా?"

"అది నేను చెప్పలేనండి. ముందు మీ దగ్గరికి రానివ్వండి."

ఒక్క మాట చెప్పి ఆగమనడం మామకు ఎంత శిక్షో మా వీధికి తెలుసు. సగం కత్తిరించిన తలను కుర్చీలో వదిలేసి కింద చతికిలబడేవాడు. సీసా నొక్కి "జల్లు" అనేవాడు. తర్వాత పెదాలు బిగించేవాడు. బుగ్గలు పొంగేవి, కళ్లు తేలేసేవాడు, లోపల కబుర్లు ఉడుకుతున్నట్టే ఉండేది. "ఏం మామా, నోటికి తాళం వేశారా?" అని ఎగతాళి చేస్తే చేత్తో నోరు మూసుకోమని సైగ చేసేవాడు. మధ్యాహ్నాలు ఊరి సంగతులు మాకు అందడం మానేశాయి. ఎదురింటివాళ్లు ఇల్లు మారిన సంగతి నాకు సామాన్ల బండి చూస్తే గానీ తెలియలేదు.

బుడంకాయ బల్ల కింద నుంచి ముందు కాళ్లు బయటపెట్టింది. కొన్ని వారాలకు మామ పక్కన, అందనంత దూరంలో కూర్చుంది. ఒక రోజు ఆయన ఆగితే, సీసా ఉన్న చేతిని ఇంకా నొక్కమన్నట్టు తోసింది. మొహం చూడలేదు. చెయ్యి చాలనుకుంది. "తోసిందిరా!" అని మామ వచ్చినవాడికల్లా చెప్పాడు, తనను ఎవరో సన్మానించినట్టు.

ఇంకో రోజు నేను కుర్చీలో ఉన్నాను. మొహం నిండా నురగ, ఒక చెంప గీయడం అయింది. "ఇటు" అని నా తల తిప్పాడు. తన భుజం మీది తువ్వాలు జారిపడితే తీయడానికి కింద కూర్చున్నాడు. సీసా కిటికీ గట్టు మీద ఉంది. ఎండ అందులోంచి పడి గోడ మీద ఒక వెలుగు ముక్క వణుకుతోంది.

బుడంకాయ వచ్చింది. మామ గడ్డం కింద రెండు వేళ్లు పెట్టింది. మొహాన్ని గోడవైపు తిప్పింది.

"ఇటు" అంది.

మామ చూశాడు. పిల్ల వెలుగును చూసింది, ఆయన చూస్తున్నాడో లేదో అని ఆయన కళ్లలోకి చూసింది, మళ్లీ వెలుగును చూసింది. టీచరమ్మ చెప్పినట్టు ఒక్క మాట అనాలి. మామకు ముందు కన్నీళ్లు ధారగా కారాయి. ఆ తర్వాతే "వెలుగు" అని, ఆగాడు. బుడంకాయ ఆయన కాలికి ఆనుకుని కూర్చుంది.

నా మొహం మీద నురగ ఎండిపోయి దురద మొదలైంది. నేను కదల్లేదు. నా కళ్లు కూడా తడిశాయి, దాచుకోవడానికి ఏముంది? కాసేపటికి మెడకు కట్టిన గుడ్డతో నేనే మొహం తుడుచుకుని, చప్పుడు చేయకుండా బయటికి వచ్చేశాను.

ఇంట్లో మా ఆవిడ నన్ను చూసి పగలబడి నవ్వింది. "ఇదేం అవతారం? మామ సగమే గీశాడేంటి?"

"మనవరాలు పిలిచింది," అన్నాను.