ఆళ్లగడ్డ దాకా చిన్నాయన

మా చిన్నాయన పోయిన సంగతి నాకు బడిలో ఉండగా తెలిసింది. పాఠం చెబుతుంటే బంట్రోతు గుమ్మం దగ్గరికి వచ్చి, "అమ్మా, గోస్పాడు నుంచి మనిషొచ్చినాడు" అన్నాడు. గోస్పాడు చిన్నాయన పల్లె; అక్కడి నుంచి మనిషిని పంపారంటే చావు కబురే. చేను నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని, బువ్వకు కూర్చోబోతూ గోడకు ఆనుకున్నాడట. చిన్నమ్మ గిన్నె పట్టుకొని వచ్చేసరికి మాట లేదు.

చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. ఆయన గురించి రాసేంత ఏముందని చదివేవాళ్లు అడగవచ్చు. నేనూ అదే ప్రశ్న వేసుకున్నాను. పదిమందికి తెలిసిన పని ఆయన జీవితంలో ఒక్కటే చేశాడు. అది కూడా జనం నవ్వుకోవడానికే గుర్తు పెట్టుకున్నారు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నంద్యాల కుర్రవాళ్లు కొందరు కలిసి, నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా ఏటా ఒక పరుగు పందెం మొదలుపెట్టారు. పాతిక మైళ్ల దారి. నడవచ్చు, ఉరకచ్చు, కూర్చొని లేవచ్చు. బండి మీద కాలు పెడితే మాత్రం పందెం పోయినట్టే. పేరిచ్చినవాళ్లలో యాభై దాటినవాడు మా చిన్నాయన ఒక్కడే.

"గెలిచేదానికి కాదు పాపా," అన్నాడు నాతో. "ఒక్కసారి ఆళ్లగడ్డలోకి నా కాళ్లతో నేను పోవల్ల. అంతే."

చిన్నమ్మకు తల కొట్టేసినట్టయింది. కోపం వస్తే ఆమె మొగుడితో నేరుగా మాట్లాడదు, నన్ను మధ్యలో పెడుతుంది. "పాపా, మీ చిన్నాయనను అడుగు. ఇంట్లో ఏం కరువొచ్చిందని రోడ్డు మీద ఉరుకుతాండాడో."

"ఉరికేదానికి కరువే రావల్లనా అని మీ చిన్నమ్మను అడుగు," అనేవాడు ఆయన, పంచె మోకాళ్ల పైకి ఎగ్గడుతూ. నిక్కరు వేసుకోమని కుర్రవాళ్లు ఎంత చెప్పినా వినలేదు.

తెల్లవారుజామున కాలవ గట్టు మీద ఉరికేవాడు. ఆదివారాలు నేను పల్లెకు పోయినప్పుడు ఆ గట్టు మీద కూర్చొని చూసేదాన్ని. అందమైన పరుగేమీ కాదు. ముందుకు వంగి, మోచేతులు పక్కకు పెట్టి, బరువు మోస్తున్నవాడిలా ఉరికేవాడు. గట్టు మీది మైలురాయి దగ్గరికి వచ్చినప్పుడల్లా దాన్ని అరచేత్తో తట్టేవాడు, ఎద్దు మూపురం తట్టినట్టు. ఆయాసం వస్తే ఏం చేస్తావని అడిగితే, "మెల్లగైతా. నిలబడను. నిలబడినోనికి మళ్ల బయలుదేరేదే కష్టం," అన్నాడు.

మొదటి ఏడు ఆయన శిరివెళ్ల దగ్గరే ఆగిపోయాడు. ఆయన్ను ఆపింది కాళ్లు కాదు, ఒక రైతు. మా వైపు పెద్ద వయసు మనిషి, అదీ ఇంటి పెద్ద, రోడ్డు మీద ఉరుకుతున్నాడంటే ఒకటే అర్థం: చావు కబురు మోసుకుపోతున్నాడని. అలాంటివాణ్ణి చూసి బండి ఆపకపోవడం పాపం. ఎదురొచ్చిన రైతు ఎద్దులను మళ్లించి, "ఎవరన్నా పోయింది?" అన్నాడు. ఊపిరి అందక చిన్నాయన చెయ్యి ఊపాడు. అంతా అయిపోయిందని చెబుతున్నాడనుకున్నాడు రైతు. "అయ్యో, నడిచి పొయ్యే పనా ఇది, ఎక్కన్నా," అని రెక్క పట్టి బండిలోకి లాగాడు. ఊపిరి తిరిగి, "పందెమప్పా ఇది" అనేసరికి చిన్నాయన పత్తి నింపిన బోరాల మీద కూర్చొని ఉన్నాడు.

రెండో ఏడు ముందే జాగ్రత్తపడి, ఎవరు కనబడినా "ఎవరూ పోలేదు, ఇది పందెం" అని అరుస్తూ ఉరికాడు. అది ఇంకా చెడ్డదైంది. శిరివెళ్లలో మాకు దూరపు చుట్టాలున్నారు. ఆ ఇంటి ముసలామె, "ఈ వయసులో పందెమేందప్పా? మేం తట్టుకోలేమని దాస్తాండావ్. మా అక్కేనా?" అని అరుగు మీద కూలబడి ఏడుపు మొదలుపెట్టింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు గొంతు కలిపారు. ఏడుస్తున్నవాళ్లను వదిలి ఉరకడం చిన్నాయనకు చేతకాలేదు. ఎవరూ చావలేదని నమ్మించేసరికి పొద్దు వాలింది. బస్సులో ఇంటికి వచ్చాడు.

ఊరంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు గానీ, ఆ వారం సగం బువ్వ వదిలి లేచిపోయాడని చిన్నమ్మ నాతో అంది. అప్పుడే ఆయన్ను సూటిగా అడిగాను, ఎందుకిదంతా అని. కాలవ గట్టు మీద కూర్చొని అరికాళ్లు నొక్కుకున్నాడు.

"చేన్లో ఎంత చేసినా వాన రాకపోతే పాయ. పంచాయితీలో ఎంత న్యాయం చెప్పినా ఇద్దరూ నన్నే తిట్టుకుంటా పోతారు. ఈడ అట్ల కాదు పాపా. నేనొక అడుగేస్తే ఆళ్లగడ్డ ఒక అడుగు దగ్గరికొస్తాది. నాకు ఇంకేదీ అట్ల రాల్యా."

ఈ మాట అప్పుడు నన్ను కదిలించింది. తర్వాత అనుమానం వచ్చింది. చదువుకున్న పిల్ల అడిగింది కదా అని, నాకు నచ్చేటట్టు చెప్పాడేమో. డాక్టరుతో ఒంటికి మంచిదని చెప్పాడు. కుర్రవాళ్లతో, మీ పొగరు అణచడానికని చెప్పాడు. "నా సణుగుడు ఇనబడనంత దూరం పోతాండాడు," అంటుంది చిన్నమ్మ. అన్నీ నిజమే కావచ్చు. మనిషి ఒక పనిని ఒకే కారణంతో ఇన్నేళ్లు చేస్తాడని నేను ఇప్పుడు అనుకోవడం లేదు. కొన్నేళ్లకు ఆ పందెం పెట్టేవాళ్లు లేకపోయారు. ఆయన మాత్రం పోయిన రోజు తెల్లవారుజామున కూడా గట్టు మీదికి పోయి వచ్చాడు.

మూడో ఏడు పందేనికి ముందు రోజు చిన్నమ్మ ఎవరికీ చెప్పకుండా పసుపు నూరి, బానలో కలిపి, ఆయన పంచె, బనియను అందులో ముంచి ఆరేసింది. "ఇవి చూసి కూడా సావంటే వాని కండ్లు పోయినట్టే," అంది. ఆయన ఆ తడి బట్టలను చాలాసేపు చూశాడు.

చిన్నమ్మా నేనూ బస్సులో ముందుగా ఆళ్లగడ్డ చేరుకున్నాం. కుర్రవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. బహుమతులు ఇచ్చారు. రోడ్డు పక్క బయల్లో షామియానా విప్పారు, గుంజలు పీకారు, ముగింపు తాడు చుట్టుకొని వెళ్లిపోయారు. ఆయన జాడ లేదు. మళ్లీ ఎవరో బండెక్కించారనుకున్నాను. ఎదురుపోయి చూస్తానని లేచాను.

"కూర్చో పాపా. నిన్ను చూస్తే నిలబడతాడు," అంది చిన్నమ్మ. మెడ మాత్రం రోడ్డు వైపే సాచింది.

వచ్చాడు. ఉరకడం కాదు, నడక కూడా కాదు. బనియను చెమటకు తడిసి, పసుపు చేతుల మీదుగా, పిక్కల మీదుగా కారుతోంది. ఒక చేతిలో ఆకువక్క, పంచె మూటలో టెంకాయ. దారి పొడుగునా జనం అవి చేతిలో పెట్టి, బెల్లం నీళ్లిచ్చి, ఎవరి పెండ్లని అడిగారట.

"ఏం చెప్పినావ్?" అన్నాను.

"నాదే అని చెప్పినా," అన్నాడు, నిలబడకుండానే. తర్వాత బయలు వైపు చూశాడు. గుంజలు లేవు, తాడు లేదు. ముఖం ఒక్కసారిగా వాడిపోయింది. "పందెం యాడ అయిపోతాది పాపా?"

చిన్నమ్మ లేచి రోడ్డు మధ్యకు పోయింది. చీర కుచ్చెళ్లు కొంచెం ఎత్తి పట్టుకొని, కాలి బొటనవేలితో ఆ దుమ్ములో ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒక గీత గీసి, పక్కకు జరిగింది.

"ఈడ," అంది.

ఆయన ఆ గీత వైపు నడిచాడు. దాటాడు. గీతకు అవతల, తెల్లటి దుమ్ములో, పసుపు చుక్కలు ఒకటొకటిగా పడ్డాయి.