సకీనా కార్డు మీద సోమమ్మ చెయ్యి

పాత బీడీల కార్ఖానా గోడ మీద తన బొమ్మ వేశారని నర్సింగమ్మ వచ్చి చెప్పినప్పుడు సోమమ్మ ఎసట్లో బియ్యం పోస్తోంది. నమ్మలేదు. నర్సింగమ్మది ఊరికే ఉండలేని నోరు, రోజూ ఏదో ఒకటి మోసుకొస్తుంది. అయినా అన్నం వార్చి, మొహం కడుక్కుని బయలుదేరింది. తన బొమ్మ చూడబోయే మనిషి మొహం కడుక్కోవడం ఎందుకో ఆమెకే తెలియాలి.

గోడ నిండా ఆడవాళ్లు. ఒళ్లో చాటలు, చాటల్లో తునికాకు, తంబాకు. మధ్యలో అందరికన్నా ఎత్తుగా ఒకామె కత్తెర పట్టిన చెయ్యి పైకెత్తి నిలబడి ఉంది. ఆ ముక్కు సోమమ్మదే. కనుబొమ్మ మీది గాటు సోమమ్మదే, కాలువ పనిలో పార తగిలినప్పటిది. కానీ నుదుటన పచ్చబొట్టు లేదు. తల మీద ముసుగు. ఎడమచేతిలో ఉండాల్సిన కత్తెర కుడిచేతికి మారింది. కింద ఇంతింత అక్షరాలతో పేరు రాసి ఉంది. సోమమ్మ ఒక ఎండాకాలం రాత్రి బడికి పోయిన మనిషి, కూడబలుక్కుని చదివింది. సకీనా.

నిచ్చెన మీద రంగు పూస్తున్న ప్రవళిక షాద్‌నగర్ నుంచి వచ్చిన పిల్ల. అడిగితే మర్యాదగానే చెప్పింది. పాత పేపరులో వచ్చిన ఫోటో చూసి వేసిందట. ఫోటోలో నుదుటి మీది పచ్చబొట్టును సిరా మరక అనుకుందట. పేరు చూసి ముసుగు కప్పిందట. చెయ్యి మాత్రం, పేపరువాళ్లు ఫోటోను తిరగేసి వేసుంటారని సరిచేసిందట. చదువుకున్న పిల్ల కదా, దిద్దకుండా ఎట్లా ఉంటుంది?

సోమమ్మ వెనక్కి తిరిగింది. ఆ బొమ్మ నాది అనాలంటే ఇరవై రెండేళ్ల ముచ్చట విప్పాలి.

భర్త కురుమయ్యతో కలిసి మట్టి పనికి దేశాలు తిరిగిన మనిషి సోమమ్మ. మేస్త్రి ఎక్కడ దించితే అక్కడ గుడిసె. ఒక వానాకాలం కాలువ గట్టు విరిగి కురుమయ్య మీద పడింది. ఇద్దరు ఆడపిల్లలను చెరో చేత పట్టుకుని, కల్వకుర్తికి పోయే రోడ్డు మీది ఈ ఊరికి తిరిగొచ్చింది. కార్ఖానాలో కొత్త కార్డులు ఇవ్వడం అప్పటికే ఆపేశారు. కార్డు లేకపోతే ఆకు ఇవ్వరు. పక్క వాకిలి సకీనాకు కార్డు ఉంది, చేయడానికి ఊపిరి లేదు. తంబాకు దుమ్ము ఛాతీలో దిగి, ఒక ఆకు కత్తిరించేలోపు రెండుసార్లు దగ్గేది. ఆమె భర్త లియాఖత్ అలీ గడియారాలు బాగుచేసేవాడు. అగ్గువకు ప్లాస్టిక్ గడియారాలు వచ్చాక ఊళ్లో పాతవి బాగుచేయించుకునే మనిషే లేకుండా పోయాడు.

అట్లా కుదిరింది. ఆకు సకీనా పేరు మీద వచ్చేది, బీడీ సోమమ్మ చేసేది, కూలి ఇద్దరూ పంచుకునేవాళ్లు. ఆ ఊళ్లో ఇది కొత్తేమీ కాదు. అత్త కార్డు మీద కోడలు చేసేది, చచ్చిపోయిన అక్క కార్డు మీద చెల్లెలు చేసేది. కార్ఖానాకు కావాల్సింది వేళ్లు. పేరు ఎవరిదైతే వాళ్లకేం?

కిటికీ దగ్గర గుమాస్తా "సకీనా" అని పిలిస్తే సోమమ్మ "ఆఁ" అనేది. మొదట్లో నోరు రాలేదు. కొన్నేళ్లకు బజారులో ఎవరు సకీనా అని కేకేసినా తల తిప్పేదాకా వచ్చింది. గుమాస్తాకు తెలుసు. తెలియకపోవడం ఎట్లా? ఎడమచేతి వాటం సోమమ్మది, ఆమె బీడీకి దారం అందరి బీడీలకూ ఎదురుగా చుట్టుకుని ఉండేది. వాడు కట్ట చేతికి తీసుకుని బొటనవేలితో దారం తడిమి నవ్వేవాడు. నవ్వి, గుప్పెడు బీడీలు బాగాలేవని పక్కన పడేసేవాడు. ఎందుకని అడిగితే కార్డు పోతుంది. ఆ గుప్పెడు రోజూ పోయేది. సోమమ్మ రోజూ పళ్లు బిగబట్టి ఇంటికొచ్చేది.

తెలంగాణ వచ్చిన రెండో ఏడు కార్ఖానా ఆకు ఇవ్వడం ఆపేసింది. కట్టల మీద పొగతాగితే వచ్చే జబ్బు బొమ్మ పెద్దగా వేయాలని సర్కారు, వేయబోమని కంపెనీలు. వాళ్ల తగాదాలో ఎండినవి ఆడవాళ్ల కడుపులు. తహసీల్ ఆఫీసు ముందు మొట్టమొదట చాట బోర్లించి కూర్చున్నది సోమమ్మ. తర్వాత నర్సింగమ్మ, ఆ తర్వాత వాడకట్టంతా. పెద్దమనుషులు వచ్చి బుజ్జగిస్తే లేవలేదు, బెదిరిస్తే లేవలేదు. పదకొండో రోజు పోలీసులు టెంటు పీకేశారు. సోమమ్మ అక్కడున్న ట్రాక్టర్ ట్రాలీ ఎక్కి, ఎడమచేత్తో కత్తెర ఎత్తి, మా చేతులకు పనియ్యండి, లేకుంటే మీరొచ్చి మా పొయ్యి ముట్టియ్యండి అని అడిగింది. పేపరు విలేఖరి ఫోటో తీసి పేరు అడిగాడు. గుమాస్తా రెండు బారల దూరంలో నిలబడి చూస్తున్నాడు.

"సకీనా," అంది. ఆమె నోటితో ఆమే అంది. ఇరవయ్యేళ్ల అలవాటు కొంత, భయం కొంత. పేరు రాసుకునేవాడు తలెత్తి మొహం చూస్తాడా? రాసుకుని పోయాడు.

మరో రెండేళ్లు ఆకు వచ్చీ రాక, చివరికి కార్ఖానాకు తాళం పడింది. కార్డు ఉన్నందుకు సకీనాకు బీడీ పింఛన్ వచ్చింది. సోమమ్మకు మొగుడు పోయిన పింఛన్ వస్తుంది. తిండికి లోటు లేదు. కానీ ఆమె పేరు ఎక్కడ ఉంది? ఓటు చీటీలో కురుమయ్య భార్య అని ఉంది, రేషన్ కార్డులో ఉంది. చేసిన పని పక్కన మాత్రం ఎక్కడా లేదు. రోజుకు ఎనిమిది వందల బీడీలు చుట్టిన చెయ్యి ఎవరిదో చెప్పే కాగితం ఒక్కటీ లేదు.

ఇప్పుడు ఆ కాగితం వస్తోంది. కల్వకుర్తి కాలేజీలో పాఠాలు చెప్పే స్వరూప, మరికొందరు ఆడవాళ్లను కూడగట్టి, పాలమూరులో పనిచేసి పోట్లాడిన ఆడవాళ్ల మీద బొమ్మలతో పుస్తకం వేస్తోంది. గోడ బొమ్మే దానికి అట్ట. వారం రోజుల్లో అచ్చుకు పోతుంది. కంపెనీ రిజిస్టరు, పేపరు ముక్క పట్టుకుని ఆమె సకీనా ఇంటికి కూడా పోయింది. సకీనా దగ్గుతూ కూర్చుంది తప్ప అవునని అనలేదు, కాదని అనలేదు.

ఆ సాయంత్రం సోమమ్మ వెళ్లేసరికి సకీనా గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"నీ బొమ్మేసిన్రంట గద," అంది సకీనా.

"నాది గాదు, నీదే. నెత్తి మీద ముసుగు గూడ కప్పిన్రు. నాకన్న నీకే మంచిగొప్పింది, పోయి సూసుకో."

సకీనా నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గాక సోమమ్మ చెయ్యి పట్టుకుంది. "పోయి చెప్పు సోమీ. గది నేనే అని ఆ మేడంకు చెప్పు. నీ కష్టం నా పేరు మీద ఎన్నొద్దులు మోస్త? రేపు అల్లాకేం జవాబియ్యాలె?"

"పింఛన్ వోతది అక్కా."

"పోతే పోనీ."

లియాఖత్ అలీ ఎవరూ అడగని గడియారం ఒకటి విప్పుకుని కూర్చున్నాడు. తలెత్తలేదు. పోనీ అని ఆయన అనలేదు. సకీనా దిండు పక్కన పీల్చే మందు డబ్బా ఉంది. అది ఆ పింఛన్‌తోనే వస్తుంది. సోమమ్మ డబ్బాను చూసింది, వంచిన ఆ తలను చూసింది, లేచి వచ్చింది. ఇంట్లో గిన్నెలు అవసరం కన్నా గట్టిగా తోమింది. కోపం ఎవరి మీదో తెలిస్తే తిట్టి ఊరుకునేది. తెలియలేదు.

తెల్లారి గోడ దగ్గరికే పోయింది. స్వరూప కూడా అక్కడే ఉంది.

"మేడం, ఒక మాటడుగుత. ఒకరి కార్డు మీద ఇంకొకరు చేసినోళ్లుంటే, గది గూడ పుస్తకంల రాస్తరా?"

స్వరూప కళ్లు వెలిగాయి. అసలు చరిత్ర అదేనంది. విన్నవాళ్లే గానీ పేరు చెప్పేవాళ్లు దొరకలేదట. పేర్లు, కార్డు నంబర్లు ఇస్తే పుస్తకంలో ఒక భాగమంతా దాని మీదే రాస్తుందట. పుస్తకం విడుదలకు కార్మిక శాఖ ఆఫీసరే వస్తున్నాడు, అక్కడికక్కడే ఆయన ముందు పెడుతుందట.

"పెడితే ఏమైతది?"

"విచారణ చేస్తరమ్మా. కంపెనీ మోసం బయటపడ్తది."

"కంపెనీ యాడుంది మేడం? తాళమేసి ఏడేండ్లాయె. విచారణకొచ్చినోళ్లకు కార్డున్న ముసలిదే దొరుకుతది."

ఎవరమ్మా వాళ్లు అని స్వరూప మెల్లగా అడిగింది.

"ఎవరో. నేను విన్న ముచ్చట."

నోటిదాకా వచ్చిన పేరును సోమమ్మ అక్కడే మింగింది. మింగి, నిచ్చెన వైపు తిరిగింది. "బిడ్డా, ఆ చెయ్యి మార్చు. గామెది పుర్రచెయ్యి. కత్తెర ఎడమచేతిల పెట్టు."

ప్రవళిక దిగులుపడింది. రంగు ఆరిపోయిందట, మళ్లీ తెల్ల సున్నం కొట్టి గీయాలట, రెండు రోజుల పనట.

"ఇరవై రెండేండ్లు గా చేతితోనే చేసింది. నీకు రెండొద్దులు బరువైనయా?"

స్వరూప సోమమ్మ ఎడమచేతి వైపు చూసింది. బీడీ మూతి మడిచి మడిచి బొటనవేలి గోరు పక్కకు తిరిగి ఉంది. చూపుడు వేలికి కత్తెర తొలిచిన కాయ. బొట్టు సంగతి, ముసుగు సంగతి సోమమ్మ ఎత్తలేదు. స్వరూప కూడా అడగలేదు.

"మార్చు ప్రవళికా," అంది.

సంగతి తెలిసి సకీనా భయపడింది. చెయ్యి చూసి పట్టుకుంటే ఎట్లా అని. నీది ఏ చెయ్యో ఏ రిజిస్టర్లో రాసి లేదు, ఫికర్ పడకు అని సోమమ్మ కసిరింది.

మార్చిలో బడి ఆవరణలో షామియానా వేసి పుస్తకం విడుదల చేశారు. అట్ట మీద కత్తెర ఎడమచేతిలోనే ఉంది. మైకులో "సకీనా" అని పిలిచారు. సోమమ్మ నాలుక చివరికి "ఆఁ" వచ్చింది. ఆపుకుని, పక్కనున్న సకీనాను మోచెయ్యి పట్టి లేపింది.

శాలువా కప్పారు. ఫోటో తీసే అబ్బాయి, బొమ్మలో ఉన్నట్టు కత్తెర పట్టుకుని చెయ్యెత్తమన్నాడు. సకీనా కుడిచెయ్యి ఎత్తింది. ఆ చెయ్యి కాదమ్మా, ఇంకోటి అన్నాడు. ఆఫీసరు తల తిప్పి బొమ్మనూ ఆమెనూ చూశాడు. సకీనా కత్తెరను ఎడమచేతికి మార్చుకుంది. వేళ్లు కత్తెర కన్నాల్లో దూరలేదు. పిడికిట్లో పట్టుకుని ఎత్తింది. వెనక వరసలో పాత కార్ఖానా ఆడవాళ్లు కిసుక్కుమన్నారు.

"నీ చెయ్యి ఆమెకేం వస్తది," అని నర్సింగమ్మ చెవిలో గొణిగింది.

"నువ్వు జర నోరు మూస్కో," అంది సోమమ్మ.

ఆఫీసరు చప్పట్లు కొట్టి, జేబులోంచి ఫోన్ తీసి ఏదో నొక్కాడు. ఏం రాసుకున్నాడో కూర్చున్న చోటి నుంచి సోమమ్మకు కనిపించలేదు.

మీటింగు అయ్యాక బల్ల దగ్గర పుస్తకాలు ఇస్తున్నారు. బీడీ కార్డు ఉన్నవాళ్లకు ఊరికే, మిగతావాళ్లు కొనుక్కోవాలి. రిజిస్టరు పట్టుకున్న అమ్మాయి కార్డు ఉందా అని అడిగింది. లేదంది సోమమ్మ. సకీనా తన పుస్తకం ముందుకు చాపి, ఇది నీదే, తీసుకో అంది.

"నీది నీ కాడ్నే ఉండనీ. ఎవరన్న అడిగితే సూపాలె గద," అని సోమమ్మ కొంగుముడి విప్పి పుస్తకం కొనుక్కుంది.

ఆ అమ్మాయి సోమమ్మ పేరు అడిగి రాసుకుంది. పక్క గడి దగ్గర పెన్ను ఆపి, "ఏం పని చేసేటోళ్లమ్మా?" అంది.

గేటు దగ్గర ఆఫీసరు కారు ఇంకా కదలలేదు.

"ఏం లేదు బిడ్డా. ఇంట్లనే ఉంటి."

అమ్మాయి అదే రాసి, ఇక్కడ సంతకం పెట్టమని చూపించింది. సోమమ్మ పెన్ను ఎడమచేతిలోకి తీసుకుంది. వెనకవాళ్లు తోస్తున్నా తొందరపడకుండా, తన సొంత పేరు మూడు అక్షరాలూ ఒత్తి రాసింది.