కాల్చమన్నది నేను

మావారు పోయాక నేను బయటివాళ్లని అడిగిన మొదటి ప్రశ్న చట్టం గురించి. ఇంట్లో ఉన్న ఆయన పిస్టల్‌ని నేను ముట్టుకోవచ్చా?

అడిగింది ఆయనకు తుపాకీ క్లాసు చెప్పిన ఇన్‌స్ట్రక్టర్‌ని. రిటైరైన పోలీసు. నేను సిటిజెన్‌నేనా, నా మీద కేసులేమైనా ఉన్నాయా అని కనుక్కుని, వర్జీనియాలో భర్త తుపాకీని భార్య ఉంచుకోవడానికి అడ్డేమీ లేదన్నాడు. తరువాత, "అది లోడై ఉందో లేదో చూడటం మీకు వచ్చా?" అని అడిగాడు. రాదన్నాను. "అయితే పెట్టె తెరవకండి. వచ్చే శనివారం క్లాసుంది, వచ్చి కూర్చోండి. ఉంచుకోవాలో వద్దో ఆ తరువాత తేల్చుకోవచ్చు" అన్నాడు.

ఆ వారమంతా ఆ ఇనుప పెట్టె బట్టల అలమరలో పై అర మీదే ఉంది. దాని పక్కనే ఆయన స్వెటర్లు. వాటిని కూడా నేను తీయలేదు.

షాంటిలీలో మాకొక ఇండియన్ గ్రోసరీ ఉండేది. ఆయన చాలా ఏళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి, గ్రీన్ కార్డ్ వచ్చాక ఉద్యోగం వదిలి పెట్టిన కొట్టు. పక్కనే ఒక కొరియా పెద్దాయన డ్రైక్లీనింగ్ నడిపేవాడు. ఒక సాయంత్రం ఆ పెద్దాయన తన కొట్టు మూస్తుంటే ఎవరో వెనకనుంచి తల మీద కొట్టారు. బతికాడు కానీ మనుషుల్ని గుర్తుపట్టడం పోయింది. ఆసుపత్రిలో చూసివచ్చిన రోజు మావారు సగం అన్నంలో లేచి చెయ్యి కడుక్కున్నారు. రెండు వారాల తరువాత, పిస్టల్ వెంట ఉంచుకునే పర్మిట్ కోసం క్లాసులో చేరుతున్నానని చెప్పారు. అప్పుడు నేను వద్దనలేదు. ఔననీ అనలేదు.

క్లాసున్న శనివారం పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చారు. కాల్చడం నేర్చుకుని వస్తారనుకున్నాను. చేతిలో ఒక నోట్‌బుక్ ఉంది.

"కాల్చడం గంటసేపే చెప్పారు. మిగతాదంతా ఎప్పుడు కాల్చకూడదో చెప్పారు" అన్నారు కాఫీ తాగుతూ. "నాకర్థమైంది ఒకటే. అది నడుముకి ఉన్నంతసేపు ప్రతి గొడవలోనూ నేనే ఓడిపోవాలి."

"మీరా?"

"నవ్వకు. నేనే."

నవ్వకుండా ఎలా ఉంటాను? పెళ్లిచూపుల్లో మా బాబాయితో నదీజలాల మీద వాదన వేసుకున్న మనిషి. డల్లెస్ ఎయిర్‌పోర్టులో పార్కింగ్ టికెట్ గురించి నలభై నిమిషాలు మాట్లాడి ఫ్లయిట్ తప్పించిన మనిషి.

కోర్టునుంచి పర్మిట్ వచ్చింది. పిస్టల్ కుడి నడుము దగ్గర తోలు ఒరలో, చొక్కా కింద ఉండేది. మావారు నిజంగానే మారారు. ఒకరోజు కొట్టు ముందు ఒకాయన కారు వెనక్కి తీస్తూ మా కారుని గుద్ది, పైగా మావారినే తిట్టాడు. ఈయన సారీ చెప్పి లోపలికొచ్చేశారు. మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్లు.

"నాన్నా, తప్పు ఆ అంకుల్‌ది కదా. వై డిడ్ యూ సే సారీ?"

"చెప్తే నా నోరేమన్నా అరిగిపోయిందా?" అన్నారు.

స్నేహితులు ఊరుకునేవారు కాదు. ఒక శనివారం ఒకరింట్లో అందరూ చేరినప్పుడు ఆయన బీరు వద్దన్నారు.

"ఏం బావా, పోలీసు ఉద్యోగమేమన్నా వచ్చిందా?"

"ఇది ఉన్నరోజు అది లేదురా."

"ఇంట్లో పెట్టేసి రావొచ్చుగా!"

"కొట్టునుంచి ఇటే వచ్చాను."

"సరే, నీ వాటా కూడా నేనే తాగేస్తా. నన్ను మాత్రం కాల్చకు."

ఆయన కూడా నవ్వారు. కానీ ఆ నోట్‌బుక్‌లో రాసుకున్నవన్నీ పాటించేవారు. స్కూల్ ఆవరణలో కారు దిగేవారు కాదు, నేనే లోపలికి వెళ్లి అమ్మాయిని తెచ్చేదాన్ని. పోస్టాఫీసుకి వెళ్లాలంటే ముందు ఇంటికొచ్చి పిస్టల్ పెట్టెలో పెట్టి వెళ్లేవారు. న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోలో ఉన్న మా తమ్ముడింటికి వెళ్లేటప్పుడు అసలు తెచ్చేవారు కాదు. మన పర్మిట్ పొటోమాక్ నది దాటగానే చెల్లదు, మేరీలాండ్‌లో పట్టుకున్నా న్యూజెర్సీలో పట్టుకున్నా జైలే అనేవారు. ఇంత బాధ పడుతూ అదెందుకు అంటే, ఆ పెద్దాయన ముఖం నువ్వు సరిగా చూడలేదు అనేవారు.

నేను ఆయనకి ఎడమవైపు నడవడం అలవాటు చేసుకున్నాను. కుడివైపు చెయ్యి వేస్తే గట్టిగా తగిలేది. ఇప్పుడు ఎవరితో నడిచినా ఎడమవైపుకే జరుగుతాను, ఎదుటివాళ్లకు కారణం చెప్పను.

ఆ రోజు తెలిసినవాళ్ల అమ్మాయి ఓణీల ఫంక్షన్. ఫంక్షన్ అంటే మనవాళ్లకి బీరువాలో ఉన్నదంతా ఒంటి మీదికి రావాలి. నేను కూడా నల్లపూసలు, పుస్తెలతాడు, రెండుపేటల గొలుసు వేసుకున్నాను. నాలుగున్నరకి ఆయన కొట్టునుంచి నేరుగా హాలుకొచ్చారు. భోజనం చేసి, ఆరింటికి పార్కింగ్‌లోకి వచ్చాం. ఇంకా వెలుగుంది. మా కారుకి అవతలగా ఆడవాళ్లు మిగిలిన వంటలు డబ్బాల్లో సర్దుకుంటున్నారు. పిల్లలు పరిగెడుతున్నారు.

ఎవరో ఒకతను దారి అడుగుతున్నట్టు దగ్గరికొచ్చాడు. నేను అతని ముఖం చూసేలోపే చెయ్యి నా మెడ మీద పడింది. పుస్తెలతాడు తెగింది. నేను మోకాళ్ల మీద పడ్డాను. అతను పరిగెత్తాడు, డబ్బాలు సర్దుతున్న ఆడవాళ్లున్న వైపే.

మావారి కుడిచెయ్యి చొక్కా అంచు దాకా వెళ్లడం నేను చూశాను. అక్కడ ఆగింది. తరువాత ఆ చెయ్యి కిందికి వచ్చేసింది.

"కాల్చండి! ఏవండీ, కాల్చండి వాణ్ని!"

ఆ అరుపు నాదే. ఒకసారి కాదు, మూడుసార్లు.

ఆయన నా ముందుకొచ్చి, అతను పోయిన వైపుకి అడ్డంగా నిలబడ్డారు. అతను కనుమరుగయ్యాక ఫోన్ తీసి 911కి చేశారు. పోలీసు వచ్చినప్పుడు రెండు చేతులూ కనపడేలా పెట్టి, అడగకముందే తన దగ్గర పర్మిట్ ఉందని, పిస్టల్ కుడి నడుము దగ్గర ఉందని చెప్పారు.

"బయటికి తీశారా?"

"లేదు, సర్."

"మంచిపని చేశారు" అన్నాడు ఆ ఆఫీసర్. మీ ఆవిడ ఏమని అరిచారు అని కూడా అడిగాడు. మావారు నా వైపు చూడకుండా, "భయపడింది, సహాయం కోసం అరిచింది" అన్నారు. అక్కడున్న తెలుగువాళ్లందరికీ నేనేమన్నానో తెలుసు. ఎవరూ నోరు విప్పలేదు.

ఇంటికి రాగానే ఆయన తూటాలుండే మ్యాగజైన్ తీసి, పిస్టల్ పెట్టెలో పెట్టి తాళం వేశారు. నేను సోఫాలో కూర్చుని ఉన్నాను.

"పుస్తెలు తెంపుకుపోతుంటే చూస్తూ నిలబడ్డారు" అన్నాను.

"వాడు వెనక్కి తిరిగిపోయాడు. పారిపోతున్నవాడిని కాలిస్తే అది మనల్ని కాపాడుకోవడం కాదు."

"మరేమిటి?"

"హత్య. బంగారం కోసం హత్య. పైగా వాడి ముందు అంతమంది పిల్లలున్నారు. గురి తప్పితే?"

"బయటికి తీసి బెదిరించొచ్చుగా?"

"బెదిరిస్తే వాడు ఆగి తిరిగితే? అప్పుడు కాల్చాల్సిందే కదా."

"అన్నీ పుస్తకంలో చదివినట్టు చెప్తారు. మీకు భయమేసింది, అది చెప్పండి."

"వేసింది" అన్నారు.

ఇండియా నుంచి మా అమ్మ ఫోన్ చేసి, బోసిమెడతో ఉండకూడదు, ముందు పసుపుకొమ్ము కట్టించుకో అంది. వంటింట్లో పసుపుకొమ్ము ఉంది. దారానికి పసుపు రాశాను. ఆయన స్నానం చేసి వచ్చి దీపం వెలిగించారు. నేను ఆయనకి వీపు పెట్టి కూర్చున్నాను. మొదటి ముడి జారింది, మళ్లీ వేశారు. మూడో ముడి వేశాక చెయ్యి ఒక క్షణం నా భుజం మీద ఉంచారు. నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను.

దాన్నే నేను ఎక్కువసార్లు తలుచుకుంటాను. పార్కింగ్‌ని కాదు. భుజం మీద ఉన్న చేతిని.

మనవాళ్ల మధ్య ఏ మాటా దాగదు. వారం తిరిగేసరికి కొట్టుకి వచ్చే ప్రతివాళ్లకీ తెలిసింది. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నేనైనా అలాగే అరిచేదాన్ని. అన్నయ్యగారు కదల్లేదేంటి?" అంది. ఒక కుర్రాడు, హెచ్1 వీసా మీద కొత్తగా వచ్చినవాడు, కౌంటర్ దగ్గర నవ్వుతూ అడిగాడు: "అంకుల్, అది బొమ్మ తుపాకీ అంట కదా?"

"ఔను బాబూ, బొమ్మదే" అన్నారు ఆయన. కందిపప్పు సంచిలో వేసి ఇచ్చారు.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. బొమ్మది కాదని, ఆ రోజు సరిగ్గా ఆలోచించిన మనిషి అక్కడ ఈయన ఒక్కరేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎందుకంటే అప్పటికి నేనూ అలా అనుకోవడం లేదు.

మరుసటి ఏడు ఇండియా వెళ్లినప్పుడు కొత్త పుస్తెలు చేయించారు. ఆ మాట మళ్లీ మా మధ్య రాలేదు. కోపం ఎప్పుడు తగ్గిందో నాకు తెలియదు. ఒకరోజు ఆయన కారు నడుపుతుంటే పక్కనుంచి ముఖం చూసి, ఆ రోజు ఈయన కాల్చి ఉంటే ఇప్పుడు ఈ సీటు ఖాళీగా ఉండేది అనిపించింది. అనిపించింది గానీ, పాలు కొనాలి, ఎగ్జిట్ దాటిపోకండి అన్నాను.

ఆ ఫంక్షన్ జరిగాక మూడో చలికాలంలో ఆయన కొట్టులో నడవ మధ్య పడిపోయారు. గుండె. ఆసుపత్రికి వెళ్లేలోపే అయిపోయింది. పోస్టాఫీసు పని ఉందని ఆ రోజు పిస్టల్ ఇంట్లో పెట్టెలోనే పెట్టి వెళ్లారు. పుస్తెలు పోవడం అపశకునమని మా అమ్మ ఒకసారి అనబోయింది. నేను ఫోన్ పెట్టేశాను.

ఇన్‌స్ట్రక్టర్ రమ్మన్న ఆ శనివారం క్లాసుకి వెళ్లాను. పన్నెండుమందిమి. ఇన్‌స్ట్రక్టర్ మధ్యాహ్నం ఒక ప్రశ్న వేశాడు: ఒకతను మీవాళ్ల పర్సు లాక్కుని పారిపోతున్నాడు, మీ దగ్గర తుపాకీ ఉంది, ఏం చేస్తారు? ముందు వరసలో ఒకతను కాలి మీద కాలుస్తానన్నాడు. సినిమాల్లో తప్ప కాలి మీద కాల్చడం అనేది లేదు, ఎక్కడ తగిలినా మనిషి చావొచ్చు అన్నాడు ఇన్‌స్ట్రక్టర్. "మీకు అతని వీపు కనిపిస్తోందంటే ప్రమాదం దూరంగా పోతోందని. దాని వెనక మీరు పంపే గుండు ఇక మీ ప్రాణం కోసం కాదు. ఇదంతా ఆలోచించడానికి మీకు ఉండేది రెండు క్షణాలు. ఆ రెండు క్షణాల్లో మీవాళ్లు పక్కన అరుస్తూ ఉంటారు."

నేను నోట్స్ రాసుకోవడం ఆపేశాను.

అందరూ వెళ్లాక మావారు గుర్తున్నారా అని అడిగాను. గుర్తులేదన్నాడు, దాచకుండా. పిస్టల్ గురించి ఏమనుకున్నారు అన్నాడు. ఇక ఇంట్లో మీరూ మీ అమ్మాయే కదా, నేర్చుకుంటే ఉంచుకోవడం తప్పు కాదు అన్నాడు.

"వద్దు. నేను ఒకసారి ఒక మనిషిని కాల్చమని అరిచాను" అన్నాను. జరిగింది చెప్పాను.

అతను విని, "భయంలో అందరూ అరుస్తారు. తుపాకీ మీ చేతిలో లేదు కదా" అన్నాడు.

"అందుకే ఎవరూ చావలేదు."

అతను సోమవారం తనే ఇంటికొచ్చి, పెట్టె తెరిచి, లోడై లేదని నాకు చూపించి, లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరికి నాతో వచ్చాడు. అక్కడ సంతకం పెట్టేటప్పుడు అమ్మేస్తున్న కారణం ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి నాకు ఒక వాక్యం సిద్ధంగా ఉంది. అది ఆ డీలర్‌కి చెప్పాల్సింది కాదు. మావారికి చెప్పాల్సింది: మీరు చేసిందే సరి.

ఆ మాట చెప్పడానికి రెండు క్షణాలు పట్టదు. ఆ పార్కింగ్ తరువాత మేము దాదాపు మూడేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం, ఒకే బల్ల దగ్గర తిన్నాం. చెప్పడానికి సమయం దొరకలేదని నేను అనలేను.