మసాఫీ కొండల్లో పోయిన బండి

మొన్న మా అల్లుడు ఫోను పట్టుకొచ్చి నా ముక్కు ముందు పెట్టాడు. దుబాయ్ దిక్కు కొండల్లో వరదట. బురదనీళ్ళలో కార్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కొట్టుకుపోతున్నాయి. "ఒట్టిదే మామా, ఇప్పుడు కంప్యూటర్ల ఏదంటె అది తయారు జేస్తున్నరు. ఎడారిల వరదేంది?" అని తనే చూపించి తనే కొట్టిపారేశాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ కొండల్లో, అలాంటి వరద ఒడ్డున, తడిసిన చొక్కాతో కూలబడి ఏడ్చినవాణ్ణి నేను. కానీ ఏమంటాను? ఆ కథ మా ఇంట్లో ఎప్పుడెత్తినా వినేవాళ్ళ పెదాల చివర ఒక చిన్న నవ్వు మొలుస్తుంది. అందుకని వాళ్ళకి చెప్పడం మానేసి చాలాకాలమైంది. మీకు చెబుతాను, నమ్మితే నమ్మండి.

అవి డెబ్బైల చివరి రోజులు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గ్యారేజీలో మెకానిక్‌గా చేరి నాకింకా ఏడాది నిండలేదు. నన్ను తీసుకుపోయింది మా బావ, అంటే మా పెద్దక్క భర్త. అదే గ్యారేజీలో నాకంటే చాలా ముందునుంచీ ఉన్నాడు. మంచివాడు, కడుపులో పెట్టుకుని చూసుకున్నాడు. కాకపోతే అనుమానం ఆయనకి ఊపిరి. మెస్సులో పప్పు పలచనైతే వంటవాడు పప్పు బయట అమ్ముకుంటున్నాడనేవాడు. మాకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, నవ్వితే ఎందుకు నవ్వాడని, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని మథనపడేవాడు. ఆరేసిన బట్టలు ఎండేదాకా పక్కనే కాపలా కూర్చునేవాడు. ఊరినుంచి మా అక్క అందరం బాగున్నామని కబురు చేస్తే, "అందరం బాగున్నం అన్నదంటె ఎవ్వలికో బాగ లేదురా" అని ఆ పూట అన్నం సరిగా తినేవాడు కాదు. నేను విమానం దిగిన రోజున నా పెట్టె అందుకుంటూ ఆయన అన్న మొదటి మాట: "బామ్మర్దీ, ఈడ ఎవ్వన్ని నమ్మకు. నన్ను గూడ జర సూస్కోనే నమ్ము." ఇప్పటి పిల్లలు నవ్వుతారు గానీ అందులో తప్పేముంది? పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో, భాష రాదు, ఊరు సముద్రానికి అవతల. అనుమానం తప్ప మాకు అక్కడ వేరే ఆస్తి ఏముందని!

మా కఫీల్ తమ్ముడు కొండలకి అవతల, ఫుజైరాలో ఉండేవాడు. ఇంగ్లీషు చదువులు చదివొచ్చిన కుర్రాడు. అతని మోటార్ సైకిల్, ఎర్రటి జపాన్ బండి, ఇంజను పనికి మా దగ్గరికి వచ్చింది. నేనే విప్పాను, నేనే బిగించాను. అలాంటి బళ్ళని పికప్ మీద వేసి పంపడం మా పద్ధతి. ఆ వారం పికప్ వేరే పని మీద అబుదాబి పోయింది. కఫీల్ నన్ను పిలిచి, నువ్వే నడుపుకుంటూ పోయి ఇచ్చిరా అన్నాడు. నాకు లోపల ఒకటే గంతులు. మా ఊళ్ళో డాక్టరుగారి బండిని బాగుచేసే సాకుతో నాలుగు వీధులు తిప్పినవాణ్ణి, అలాంటి బండి మీద ఒంటరిగా కొండలు దాటి అవతలి సముద్రం దాకా! బావ మొహం మాత్రం మాడిపోయింది. "ఇంతమంది ఉండంగ నిన్నే ఎందుకు పంపుతుండు? దీంట్ల ఏదో ఉన్నదిరా" అంటూ నా వెనకాలే తిరిగాడు. బయల్దేరేముందు హ్యాండిల్ పట్టుకుని, "కొండలల్ల ఎవ్వడు ఆపినా ఆగకు. ఎవ్వన్ని బండి ముట్టనియ్యకు. బండి పోయిందంటె ఖలాస్, వీసా కొట్టేసి నిన్ను ఇంటికి తోల్తరు. మీ అక్కకు నేనేం మొహం జూపియ్యాలె?" అన్నాడు. అందులో అబద్ధం లేదు. ఇంటిల్లిపాదీ అప్పుడు నా మీదే ఆశ పెట్టుకుని ఉన్నారు.

ఆగస్టు నెల. మన దగ్గర శ్రావణం ముసురు పట్టే రోజులు, అక్కడ ఇసుక మీద చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేని రోజులు. దారిలో ధైద్ అనే ఊరి దాకా వడగాలి మొహాన్ని కాల్చింది. అక్కడ నీళ్ళు తాగడానికి ఆగితే ఒక పఠాన్ లారీ డ్రైవరు, గడ్డం నిండా దుమ్ము, నా బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. "ఊపర్ బారిష్ హై, భాయ్. గాడీ ట్రక్ మే డాలో, ఛోడ్ దూంగా" అన్నాడు. పైన కొండల్లో వాన పడుతోందట, బండిని లారీ ఎక్కిస్తే దింపేస్తాడట. ఏం తీసుకుంటావంటే ఏమీ వద్దన్నాడు. అక్కడే పట్టేశాను. ఏమీ వద్దనేవాడికి కావలసింది బండే! వాన సంగతంటారా, ఆ దేశంలో దిగాక నా నెత్తిన ఒక్క చుక్క రాలలేదు. బాగా అల్లావయ్యా కథ అని మనసులో అనుకుని, షుక్రియా చెప్పి కిక్ కొట్టాను. చాలాదూరం అద్దంలో వెనక్కి చూసుకుంటూనే పోయాను. దూరాన ఏ లారీ కనిపించినా వాడిదే అనిపించింది.

మసాఫీ దగ్గర కొండల్లోకి దూరానో లేదో టపటపమని మొదలైంది. అబ్బ, ఏం వాన! గోరువెచ్చని చినుకులు, ఒక్కోటి రేగుపండంత. చెట్టూ పుట్టా లేని ఆ కొండలు ఇనుప చిట్టెం రంగులో ఉంటాయి, తడిసేసరికి నల్లగా నిగనిగలాడాయి. వేడి రాళ్ళ మీంచి ఆవిరి లేచింది. నేను నోరు తెరిచి వాన తాగాను, అరిచాను, చిన్నప్పటి పాటేదో గొంతు చించుకుని పాడాను. వినేవాళ్ళు లేరన్న ధైర్యం. ఆ కాసేపూ బావ లేడు, కఫీల్ లేడు, పఠాన్ లేడు. మలుపు మలుపుకీ కొండ మీంచి సన్నటి ధారలు రోడ్డుకి అడ్డంగా జారుతున్నాయి. మన నేలైతే పడిన వానని తాగుతుంది. ఆ రాతికొండలు ఒక్క గుక్క తాగవు, అంతా కిందికే వదిలేస్తాయి. ఈ సంగతి నాకు అప్పుడే తట్టి ఉంటే ఇంత కథ నడిచేది కాదు.

వాన ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగానే తెరిపిచ్చింది. ఎండ కూడా కాసింది. అప్పుడు బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. ప్లగ్గు తడిసిందని చెవికే తెలిసింది. రోడ్డు అక్కడ పల్లంలోకి దిగుతుంది. గులకరాళ్ళు పరుచుకున్న వాగొకటి అడ్డంగా ఉంటుంది, వంతెన లేదు, రోడ్డే వాగులోకి దిగి అవతలికి ఎక్కుతుంది. బండి దానంతటది దొర్లి సరిగ్గా వాగు నడుమ నిలిచింది. ఒక సన్నటి నీటిచాలు తప్ప వాగంతా పొడి. చదునుగా, శుభ్రంగా ఉంది, ఇంతకంటే మంచి చోటు ఏముంటుందని స్టాండు వేసి, ప్లగ్గు విప్పి, సీటు మీద జేబురుమాలు పరిచి ఎండకి పెట్టాను.

అప్పుడు గట్టు మీంచి ఒక కేక వినిపించింది. ముసలాయనొకడు పడుతూ లేస్తూ దిగి వస్తున్నాడు. మోకాళ్ళ కిందికి చుట్టుకున్న గుడ్డ, తలపాగా, గోరింటాకు పెట్టిన గడ్డం, చేతిలో పొడుగాటి కర్ర. కర్ర చివర చిన్న గొడ్డలి! నేను బండికి అడ్డంగా నిలబడ్డాను. ఆయన బండి వైపు చెయ్యి ఊపుతూ ఒకటే అరుపు: "సేల్! సేల్!"

ఓహో, ఇదా సంగతి అనుకున్నాను. బండి మీద కన్ను పడింది, కొంటాడట. కొండల్లో ఉంటూ ఇంగ్లీషు ముక్క కూడా నేర్చాడు. "నో సేల్, బాబా. అర్బాబ్ బండి. నో సేల్" అన్నాను, ఇది యజమాని బండని, మర్యాదగానే. ఆయన నెత్తి కొట్టుకుని, "సేల్ కబీర్! యల్లా, యల్లా!" అని ఇంకా గట్టిగా అరిచాడు. కబీర్ అంటే పెద్దదని నాకు తెలుసు. పెద్ద బేరమట! పైగా తొందరట! "ఎంత పెద్దదైనా సరే, అమ్మేది లేదు పో" అని తెలుగులోనే చెప్పి రెండు చేతులా హ్యాండిల్ పట్టుకున్నాను. ఆయన నా చొక్కా పట్టి లాగాడు. నేను విదిలించాను. మళ్ళీ లాగాడు. పశువుల సంతలోలా కాసేపు పెనుగులాడాం. చివరికి ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి, వీడితో లాభం లేదనుకున్నాడేమో, సీటు మీది రుమాలూ ప్లగ్గూ గుప్పిట పట్టి గట్టు మీదికి పరుగు తీశాడు.

"ఓరి దొంగ ముసలోడా! ఆగు!" అని వెంటబడ్డాను. ప్లగ్గు లేకపోతే బండి కదలదు, నేను అటు పోగానే వీడి మనుషులెవరో వచ్చి బండిని నెట్టుకుపోతారు, ఇదే వీళ్ళ ఎత్తు అని కూడా తోచింది. అయినా ఏం చెయ్యను? ఆయన ఆ వయసులో మేకలా ఎక్కిపోతున్నాడు. నేను జారుతూ, మోకాళ్ళు చీరుకుంటూ, ఆడవాళ్ళ ముందు అనకూడని మాటలన్నీ అంటూ ఎక్కాను. పైన దొరకబుచ్చుకుని మణికట్టు పట్టుకున్నాను. అప్పుడు మోత. లారీలు వరసగా ఫస్టు గేరులో ఎక్కుతున్నట్టు. రోడ్డు వైపు చూస్తే ఏమీ లేదు. ఎగువ మలుపులోంచి వచ్చింది వరద. నీళ్ళనడానికి లేదు. మట్టి, కొమ్మలు, మొదలంటా పెకిలిన చెట్లు, బండరాళ్ళు, అన్నీ కలిసి మనిషెత్తున వచ్చాయి. ఎర్రబండి ఒక్క క్షణం అలాగే నిలబడింది. తర్వాత ఒరిగింది. హ్యాండిల్ ఒకసారి పైకి లేచి మునిగిపోయింది. నేను కిందికి దూకబోయాను, దూకి ఏం చేద్దామనో నాకే తెలియదు. ముసలాయన నడుం పట్టి వెనక్కి పడేశాడు. వాగు వైపు చెయ్యి చూపించి, పిల్లలకి చెప్పినట్టు మెల్లగా అన్నాడు: "సేల్." వాళ్ళ భాషలో సేల్ అంటే వరద. నేను కూలబడి ఏడ్చాను. ప్రాణం దక్కిందని కాదు, బండి పోయింది, వీసా పోయింది, ఇక ఏ మొహంతో ఊరెళ్ళాలని.

ఆయన నన్ను రాళ్ళు పేర్చి కట్టుకున్న తన ఇంటికి తీసుకెళ్ళాడు. ఖర్జూరాలు, ఏలక్కాయ వేసిన చేదు కాఫీ ముందు పెట్టాడు. అనుమానం అంత తొందరగా పోతుందా? ఆయన ముందు తాగేదాకా నేను ముట్టలేదు. ఆయన తాగి, కప్పు బోర్లించి చూపించి, నవ్వాడు. అప్పుడు తాగాను. వాగు తగ్గాక ఇద్దరం దిగువకి చాలాదూరం వెతికాం. బండిది ఒక్క నట్టు కూడా దొరకలేదు. సాయంత్రానికి అటుగా వచ్చిన నీళ్ళ ట్యాంకరు ఆపి నేను ఎక్కితే, పిలవకుండానే ఆయనా ఎక్కాడు. మళ్ళీ నాలో పురుగు తొలిచింది. ఈయనెందుకు వస్తున్నాడు? వాగు నడుమ బండి పెట్టింది వీడేనని చెప్పి నన్ను ఇరికిస్తాడా? ఫుజైరా చేరేదాకా ఆయన వైపు సరిగా చూడలేదు.

కఫీల్ తమ్ముడు వాకిట్లోనే ఉన్నాడు. "బైక్ కిధర్?" అన్నాడు. ఆ రోజే నేర్చుకున్న మాట ఒకటుంది కదా, దాన్నే పట్టుకున్నాను. "బైక్ సేల్, అర్బాబ్! సేల్ కబీర్!" అన్నాను. అతని కళ్ళు ఎర్రబడ్డాయి. "సేల్? కిస్‌కో బేచా?" అని అరిచాడు, ఎవడికి అమ్మావని! నా ఖర్మ కాకపోతే, ఇంగ్లీషు చదివిన అరబ్బుకే నా నోట అరబ్బీ ఇంగ్లీషులా వినబడాలా? నో నో అంటూ చేతులతో వరద చూపించబోయాను. ఎంత చూపిస్తే అంత దొంగలా ఉన్నానని నాకే తెలుస్తోంది. అప్పుడు ముసలాయన నన్ను పక్కకి జరిపి ముందుకొచ్చాడు. గట్టిగా కాదు, నిదానంగా ఏదో చెప్పాడు. నన్ను చూపించి, తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. కుర్రాడు ఒక ప్రశ్న అడిగాడు, ఆయన ఒక్క మాటలో జవాబిచ్చాడు. కుర్రాడి మొహం చల్లబడింది. నా వైపు తిరిగి, "యే బోల్తా హై, తుమ్ ఇస్‌కా మెహమాన్ హై. మెహమాన్ కా బాత్ ఇస్‌కా బాత్. ఖలాస్" అన్నాడు. ఆయన ఇంట కాఫీ తాగాను కనక ఆయన అతిథినట, అతిథి మాట ఆయన మాటేనట. ఆ కాఫీ నేనెలా తాగానో తలుచుకుని నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన మాత్రం రుమాలు మూట విప్పి ప్లగ్గుని నా చేతిలో పెట్టి, భుజం తట్టి, తన దారిన పోయాడు. వీసా నిలబడింది.

షార్జాకి తిరిగొచ్చి బావకి అంతా చెప్పి, ప్లగ్గు తీసి చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "వరదల బండి వొయ్యి ప్లగ్గు మిగిలిందా? నువ్వు ప్లగ్గు ఇప్పుకునేదాంక వరద ఆగి సూసిందా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "బామ్మర్దీ, నాకన్న నిజం జెప్పు. ఎంతకమ్మినవ్?" అన్నాడు. ఒట్టేశాను, మా అక్క మీద ప్రమాణం చేశాను, కోప్పడ్డాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. అది మొదలు. దుబాయ్‌లో డేరా బజారుకి పోయి సామాన్లు కొంటూ అడిగేవాడు. ఇద్దరం ఊరికొచ్చి స్థిరపడ్డాక పెళ్ళిళ్ళలో పంక్తిలో పక్కన కూర్చుని, విస్తట్లో పప్పు పడుతుండగా అడిగేవాడు. నా కూతురి అప్పగింతల వేళ నేను కళ్ళు తుడుచుకుంటుంటే చెవి దగ్గరికి వంగి కూడా అడిగాడు. తిట్టాలో నవ్వాలో తెలిసేది కాదు.

కిందటేడు వానల్లో మంచం పట్టాడు. మనిషి సగమయ్యాడు. నేను పోయి కూర్చుంటే చెయ్యి పట్టుకుని, "ఇగ ఇప్పుడన్న జెప్పురా. నేను ఎవ్వలికి జెప్ప. ఎంతకమ్మినవ్?" అన్నాడు. ఆ కళ్ళు చూస్తే ఇంకోసారి కాదనబుద్ధి కాలేదు. "మంచి రేటే వచ్చింది బావా" అన్నాను. మొహం ఎలా వెలిగిందనుకున్నారు! "నాకెర్కనే. ఆ ముసలోనికేనా?" అన్నాడు. "ఆ, ముసలోనికే" అన్నాను. "నాకెర్కనే బామ్మర్దీ, నాకెర్కనే" అంటూ హాయిగా దిండు మీద వాలాడు. ఎందుకు చెప్పానా అని ఇప్పుడు ఏడుపొస్తుంది. ఒక్క ప్రశ్న పట్టుకుని నలభై ఏళ్ళకి పైగా నా వెంట తిరిగిన మనిషి, జవాబు దొరికాక నాలుగు రోజులు కూడా ఆగలేదు.