పెరిగే పిల్లకు చక్రాల బూట్లు

పొద్దుటి కోపం ఇంకా తగ్గలేదు, అందుకే రాస్తున్నాను.

మా మనవరాలి స్కేటింగ్ బూట్లు విరిగిపోయాయి. ఆదివారం పెనుకొండలో దానికి పోటీ ఉంది. కొత్తవి కొనే స్తోమత లేక, వాడినవి అమ్మే అంగడి ధర్మవరంలో ఉందంటే పిల్లను తీసుకుని పోయాను. దాని కాలు మూడో నంబరు. అంగడాయన కొలత కూడా చూడకుండా ఐదో నంబరువి ముందర పెట్టాడు.

"పెరిగే పిల్ల కదప్పా. ముందర గుడ్డ కుక్కితే సరిపోతాది. మూడేండ్లు మళ్ళా కొనే పనుండదు."

పిల్ల వేసుకుని లేచి నిలబడింది. మడమ జారి, కాలు మడతపడి బల్ల పట్టుకుంది. ఆయన నవ్వి, "అలవాటైతాది లేమ్మా" అన్నాడు.

నేను అంగళ్ళలో నోరు తెరిచే మనిషిని కాను. ఈ రోజు తెరిచాను.

"ఏమప్పా, పోటీ ఆదివారం. అంతలోపల కాలు రెండు నంబర్లు పెరుగుతాదా? పడి విరిగితే నువ్వొచ్చి కట్టు కడతావా?"

ఆయన గొణుగుతూ స్టూలెక్కి పై అరలోంచి మూడో నంబరువి దించాడు. అంటే అవి అంతసేపూ అక్కడే ఉన్నాయి! ధర కూడా తక్కువే.

బస్సులో మండిపడుతూ కూర్చున్నాను. ధర్మవరం దాటాక ఒకటి గుర్తొచ్చింది. దీని తల్లికి బడి బూట్లు ఎప్పుడూ పెద్దవే కొన్నాను. పరుగుపందెంలో ఆఖరున వస్తే, చురుకు లేదని తిట్టాను.

ఇప్పుడు ఎవరిని తిట్టాలో మీరే చెప్పండి.