దగ్గులో దొరికిన గొంతు

నేను చేసిన బేరాలన్నిటిలోకీ గొప్పది ఏదని ఎవరైనా అడిగితే, ఏ జబ్బూ లేని గొంతుకు సగం ధరకే ఆపరేషన్ చేయించుకోవడమని ఛాతీ విరుచుకుని చెబుతాను. అంతటి బేరగాణ్ణి సికింద్రాబాద్ బట్టల బజారు మొత్తంలో ఇంకొకణ్ణి చూపించండి, చూద్దాం. మొన్న మా కోడలికి తోడుగా మెట్టుగూడలో ఒక ఆస్పత్రికి వెళ్ళి కూర్చుంటే, ఎదురుగా గోడ మీద రంగుల కాగితం ఒకటి కనిపించింది. మనసులోని బాధ ఒంట్లో నొప్పిగా బయటపడవచ్చు, మొహమాటపడకుండా డాక్టరుతో చెప్పండి అని దాని మీద రాసి ఉంది. అది చదివి నవ్వాను. నేను నవ్వితే తుప్పు పట్టిన షట్టరు ఎత్తినట్టుంటుంది కాబట్టి, వరసలో కూర్చున్నవాళ్ళంతా తిరిగి చూశారు.

రాష్ట్రం ఒక్కటిగా ఉన్న రోజులు. గుడివాడ వైపు నుంచి వచ్చిన మా నాన్నగారు బజారులో పెళ్ళి బట్టల దుకాణం పెట్టి, మా అన్నదమ్ములిద్దరినీ మీసాలు రాకముందే తెల్ల పరుపు మీద కూర్చోబెట్టారు. అప్పట్లో బట్టల మీద ధర చీటీలు లేవన్న సంగతి మన వయసు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. గొంతే సరుకు, గొంతే త్రాసు. నేను కొనేవాళ్ళ ముఖం చూసి ధర కాస్త దిగబోతే, మా తమ్ముడు నా చెయ్యి పట్టుకుని, "అన్నయ్యా, అంతకిస్తే నాన్నగారు మనిద్దర్నీ బజార్లోకి గెంటేస్తారు!" అని దాదాపు ఏడుపు ముఖం పెట్టేవాడు. వాడి ముఖం చూసి జాలిపడి, మేము ముందే అనుకున్న ధరకు పట్టుచీర కట్టించుకుపోయిన పెళ్ళివారు ఎంతమందో. నాన్నగారు గల్లా దగ్గర ముఖం అటు తిప్పుకుని నవ్వు ఆపుకునేవారు. నిజం చెప్పాలంటే మాది వ్యాపారం కాదు, ఇద్దరం కలిసి ఆడే నాటకం.

ఒక ఏడాది వైశాఖంలో, ముహూర్తాలు జోరుగా ఉండగా, తమ్ముడికి కామెర్లు వచ్చాయి. పసరు వేయించాం, పథ్యం పెట్టాం, చివరికి ఆస్పత్రిలో చేర్చాం. వాడు తిరిగి రాలేదు.

పెళ్ళి బట్టలు అమ్మే పరుపు మీద కన్నీటి బొట్టు పడకూడదన్నది మా బజారులో అందరూ పాటించే కట్టుబాటు. చావు జరిగిన ఇంటి నుంచి మధుపర్కాలు కొనడానికి ఎవరు మాత్రం వస్తారు? పెద్దకర్మ అయిన మర్నాడే దుకాణం తెరిచి, ఎవరైనా అడిగితే చిన్నవాడు ఊరెళ్ళాడని చెప్పమన్నారు నాన్నగారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు. కొడుకు పోయిన తండ్రి దుకాణం తెరవగా లేనిది, నేను ఏడవడమేమిటనిపించింది. నవ్వుతూ చీరలు పరిచాను. నా మాట, తమ్ముడి మాట రెండూ నేనే మాట్లాడాను. దిగేదీ నేనే, ఆపేదీ నేనే.

అలా కొన్నాళ్ళు నడిచాక ఒక ఉదయం పరుపు మీద కూర్చుని ధర చెప్పబోతే గాలి తప్ప ఏమీ రాలేదు. నోరు కదులుతోంది, పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. మిరియాల కషాయం తాగాను, పసుపు పాలు తాగాను, ఎవరో చెబితే కరక్కాయ చప్పరించాను, అల్వాల్ దాకా వెళ్ళి తాయెత్తు కట్టించుకున్నాను. గొంతు లేని బేరగాడు కాళ్ళు లేని రిక్షావాడితో సమానం. కొనేవాళ్ళకు వేళ్ళు చూపించి ధర చెబుతుంటే, మూగవాడనుకుని జాలిపడి కొందరూ, అశుభమనుకుని కొందరూ లేచిపోయేవారు. పగలంతా కూర్చుని ఒక్క రవికె గుడ్డయినా అమ్మలేక, ఇంటికి వచ్చి నా భార్య పెట్టిన అన్నం వంక చూస్తూ, ఇక బతుకు ఇంతేనా అనుకున్న సాయంత్రాలు నా శత్రువుకు కూడా వద్దు.

మిషన్ వాళ్ళ దవాఖానాలో కోస్తా నుంచి వచ్చిన పెద్దాయన, క్రైస్తవుడు, గొంతు డాక్టరుగా ఉన్నాడని తెలిసి వెళ్ళాను. ఆయన చిన్న అద్దం పెట్టి గొంతులోకి చూసి, ఏదీ, ఒకసారి దగ్గండి అన్నాడు. దగ్గాను. గది దద్దరిల్లింది.

"దగ్గులో గొంతుంది కదండీ, మాటలో ఎందుకు లేదు?" అన్నాడాయన, నన్నే అడుగుతున్నట్టు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఇంట్లో ఎవరైనా పోయారా?" అన్నాడు.

లేదని తల ఊపాను. ఆయన్ని మోసం చేయాలని కాదు, అన్నాళ్ళుగా కొనేవాళ్ళందరికీ ఊపిన తల, అలవాటు కొద్దీ ఊగింది. ఆయన అద్దం పక్కన పెట్టి, గొంతులో రోగమేమీ లేదు, లోపల దేన్నో గట్టిగా పట్టుకుని కూర్చున్నారు, అది ఎవరి దగ్గరైనా వదిలేస్తే మాట దానంతటదే వస్తుంది, దీనికి మందు లేదు అని చెప్పి, ఫీజు కూడా వద్దన్నాడు.

అక్కడే చెడింది. డబ్బు తీసుకోకుండా ఇచ్చేది చిరుగున్న సరుకని దుకాణంలో పుట్టి పెరిగినవాడికి వేరే చెప్పాలా? మందు రాయలేనివాడు డాక్టరేమిటని చిరాకుపడి, పేరు మోసిన ఒక నర్సింగ్ హోముకు పోయాను. అక్కడి డాక్టరు, కొంచెం వాపులాంటిది ఉంది, కొన్నాళ్ళు ఆగి చూద్దామంటే నేను ఒప్పుకోలేదు. కోసి తీసేయమని కాగితం మీద రాశాను. ఆయన ఎంతవుతుందో చెబితే అందులో సగం రాశాను. ఆయన విసిగిపోయి సరేనన్నాడు. బయటికొచ్చి, గెలిచానని మనసులో తమ్ముడికే చెప్పుకున్నాను.

పుండు మానింది. మాట మాత్రం రాలేదు.

మళ్ళీ ముహూర్తాల కాలం వచ్చింది. మాకు పాత బేరమైన ఒక పెద్దావిడ మనవరాలి పెళ్ళి బట్టలకని చుట్టాలందరితో వచ్చి పరుపు నిండా కూర్చుంది. చీరల కన్నా ముందు నాలుగు పక్కలా చూసి, "ఏందయ్యా, చిన్న సేటు కనవడ్తలేడు? ఏడ వోయిండు?" అంది. ఊరెళ్ళాడని చేత్తో చూపించాను. "ఎప్పుడొచ్చినా గదే మాట జెప్తున్నవ్. మొన్న సుత ఊరికే వోయిండంటివి. గా పిల్లగాడు జెర ఏడుపు మొహం బెడ్తె గని నాకు చీర కొన్నట్టుండదు, పిలువు," అని నవ్వింది.

"పోయాడమ్మా," అన్నాను.

అన్నాక గాని తెలియలేదు, పైకే అన్నానని. గుడ్డ చిరిగినట్టుంది ఆ చప్పుడు. దాని వెనకే ఏడుపు వచ్చింది. మధుపర్కాల మీద, పట్టుచీరల మీద, చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. నాన్నగారు గల్లా వదిలి నిలబడిపోయారు. చుట్టాలంతా లేచిపోతారనుకున్నాను. ఆ పెద్దావిడ నా తల తన భుజానికి ఆనించుకుని, "ఏడువు బిడ్డా, ఏడువు. ఇన్నొద్దులు ఎట్ల ఆపుకున్నవురా," అంటూ తనూ ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, అదే తడిసిన చీరను పెళ్ళికూతురికి తీసుకుని, ఒక్క మాట కూడా బేరమాడకుండా వెళ్ళిపోయింది. నాన్నగారు ఆ పూట షట్టరు దించి, లోపల కూర్చుని తన వంతు ఏడ్చారు.

మాట నిలిచింది గాని పాత గొంతు రాలేదు. కోసిన చోట మచ్చ కట్టిందనీ, ఇక ఈ బొంగురు ఇంతేననీ డాక్టర్లు తేల్చారు. ఇప్పుడు బజారులో అన్నిటికీ ధర చీటీలే, అమ్మేవాడికి గొంతుతో పని లేదు, గోడలు కూడా మనసెలా ఉందని అడుగుతున్నాయి. అడిగేవాళ్ళు ఉన్నారు, పరుపు మీద కూర్చుని చెప్పించుకునే తీరికే ఎవరికీ లేదు. ఆ రోజుల్లో అడిగినవాడు ఒక్కడే. ఆయనకు నేను తల అడ్డంగా ఊపాను.

ఇక లెక్క చెప్పేస్తాను. మా అమ్మకు తర్వాతి సంవత్సరాల్లో చూపు పోయింది. ఇంట్లో వాళ్ళందరినీ గొంతును బట్టే పోల్చుకునేది, నన్ను తప్ప. నేను గదిలోకి వెళ్ళి పలకరిస్తే, "ఎవరు బాబూ, దుకాణం నుంచి వచ్చారా?" అనేది. నేనేనమ్మా అని చెయ్యి పట్టుకుంటే, ముఖం తడిమి చూసి అప్పటికి నమ్మేది. చివరి రోజుల్లో తడిమే ఓపిక కూడా లేకపోయింది. పక్కనే కూర్చుని నేను ఎంత పలికినా, పెద్దాణ్ణి పిలవండి, ఒక్కసారి పెద్దాణ్ణి పిలవండి అని అడుగుతూనే పోయింది. చిన్న కొడుకును ఆమె నుంచి కామెర్లు తీసుకుపోయాయి. పెద్దవాణ్ణి తీసుకుపోయింది నేను.